అరవై అయిదో అభిరుచి

ఆషాఢం మూడో వారం నుంచి లెంక సుచరితకు ఆదివారాలు రావడం ఆగిపోయింది. శనివారం పడుకుంటే సోమవారం ఉదయం ఆరున్నరకు అలారం మోగేది. మొదటిసారి తాను రోజంతా నిద్రపోయి ఉంటాననుకుంది. రెండోసారి హాస్టల్లో పక్క మంచం అమ్మాయి నీరజను అడిగింది.

"నిన్న నువ్వు లేవు," అంది నీరజ తల దువ్వుకుంటూ. "దుప్పటి కూడా నలగలేదు. మెస్సులో నీ వాటా చికెన్ నేనే తినేశాను, ఏమనుకోకు."

సుచరితకు ఇరవై ఆరేళ్లు. విశాఖపట్నంలో సిరిపురం జంక్షన్ దగ్గర ఒక డిజిటల్ మార్కెటింగ్ కంపెనీలో పని. కాఫీ షాపులకు, బీచ్ రిసార్టులకు, కుండలు చేయడం నేర్పే స్టూడియోలకు ఇంటర్నెట్ ద్వారా జనాన్ని రప్పించడం ఆమె ఉద్యోగం. వారాంతంలో ఎవరు ఎక్కడికి వెళ్లాలో సోమవారం నుంచి శనివారం దాకా కూర్చుని రాసేది. 'ఈ ఆదివారం మిమ్మల్ని మీరు కలుసుకోండి' అన్న వాక్యం ఆమెదే. అది చదివి నాలుగు వందల మంది ఒక కొండ మీది రెస్టారెంటుకు వెళ్లారని తెలిసి ఆఫీసులో చప్పట్లు కొట్టారు.

నోటీసు ఆమె ఫోన్లోనే ఉంది. వారాంత వినియోగ పర్యవేక్షణ శాఖ పంపింది. గడిచిన యాభై రెండు ఆదివారాల్లో ఆమె ఒక్క ఫొటో పెట్టలేదు, ఏ హోటలుకూ నక్షత్రాలు ఇవ్వలేదు, ఏ తరగతిలోనూ చేరలేదు. కావున సదరు ఆదివారాలు వినియోగంలో లేనట్టు భావించి వెనక్కి తీసుకుంటున్నాము అని అందులో ఉంది. అభ్యంతరాలుంటే మరునాటిలోగా తెలపాలి. నోటీసు శనివారం సాయంత్రం వచ్చింది. మరునాడు ఆదివారం, అది అప్పటికే వెనక్కి వెళ్లిపోయింది.

ఇలాంటివి నగరంలో మామూలే. హాస్టల్ పై అంతస్తులో ఉండే బ్యాంకు ఉద్యోగినికి రెండో శనివారాలు పోయి ఆర్నెల్లయింది. ఆమె అలవాటు పడిపోయింది. నెల తొందరగా గడుస్తోందని చెప్పింది కూడా. వెనక్కి తీసుకున్న రోజుల్ని శాఖ పారేయదు. వాటిని సద్వినియోగం చేసుకోగల పౌరులకు కేటాయిస్తుంది. సుచరిత ఆదివారం ఆమె మేనేజర్ ఫణీంద్రకు వెళ్లింది.

ఫణీంద్ర ఆదివారం తెల్లవారుజామునే సైకిల్ తొక్కి, ఆ సంగతి ఏడింటికల్లా లోకానికి తెలియజేసే మనిషి. ఇప్పుడు అతనికి వారానికి రెండు ఆదివారాలు. ఒకటి సైకిల్‌కి, ఒకటి ఫొటోగ్రఫీకి. అది దాచుకోవలసిన విషయమని అతనికి తోచలేదు.

"నీ ఆదివారం చాలా బాగుంది సుచరితా," అన్నాడు సోమవారం మీటింగులో, మర్యాదగానే. "నా దానికంటే ఎండ తక్కువ. మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి కూడా వస్తోంది. అసలు నువ్వు దాన్ని ఏం చేసేదానివి?"

"బస్సెక్కేదాన్ని సార్."

"ఎక్కడికి?"

"అది ఎక్కడికెళ్తే అక్కడికి."

మీటింగులో ఎవరూ నవ్వలేదు. జాలిపడ్డారు.

ఆమె చెప్పింది నిజమే. ఆదివారం పదింటికి మద్దిలపాలెం స్టాపులో నిలబడి, ముందు ఏ బస్సొస్తే అది ఎక్కి, చివరి స్టాపుకు టికెట్ తీసుకునేది. భీమిలి కావచ్చు, పెందుర్తి కావచ్చు, కూర్మన్నపాలెం కావచ్చు. కిటికీ పక్కన కూర్చుని ఫోను సంచిలో పడేసేది. చివరి స్టాపులో దిగి, టీ తాగి, అదే బస్సులో వెనక్కి వచ్చేసేది. ఆరు రోజులు ఊరందరికీ ఎక్కడికి వెళ్లాలో చెప్పే మనిషి, ఏడో రోజు తనకు తాను కూడా చెప్పుకునేది కాదు. మూడేళ్లుగా ఆమెను నిలబెట్టింది ఆ నాలుగు గంటలే. ఆ సంగతి ఆమెకు కూడా అవి పోయాకే తెలిసింది.

అయిదు వారాలు గడిచేసరికి రోజులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కీబోర్డు మీద 'ఆదివారం' అని కొట్టగానే వేళ్లు ఆగిపోయేవి. ఒక సోమవారం ఆఫీసు వాష్‌రూమ్‌లో కుళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో రెండు నిమిషాలు ఏడ్చింది. మొహం కడుక్కుని బయటికొచ్చి, మర్నాటికి సెలవు పెట్టింది.

శాఖ కార్యాలయం పాత భవనంలో మూడో అంతస్తు. మెట్ల పక్కన గోడకు ఆమోదిత అభిరుచుల జాబితా అంటించి ఉంది. మొత్తం అరవై నాలుగు. కళలు అరవై నాలుగు కాబట్టి అభిరుచులూ అన్నే ఉండాలని పెద్దవాళ్లు నిర్ణయించారట. నింపడానికి కాస్త కష్టపడినట్టుంది: నలభై మూడోది బాల్కనీలో పుదీనా పెంచడం, నలభై నాలుగోది బాల్కనీలో కొత్తిమీర పెంచడం.

సూపరింటెండెంట్ పైడిరాజు గారు ముప్ఫై ఒక్కేళ్ల సర్వీసున్న మనిషి. విజయనగరం వైపు యాస. ఎవరి మీదా గొంతెత్తరని పేరు. ఆయన ఆమె ఫైలు తెరిచి కళ్లజోడు సవరించుకున్నారు.

"బస్సెక్కి అక్కడికెళ్లి ఏటి చేస్తారమ్మా?"

"టీ తాగుతానండి."

"అక్కడ టీ బాగుంటాదా?"

"ఒక్కోచోట బాగుండదండి."

"అక్కడెవులైనా చుట్టాలున్నారా?"

"లేరండి."

ఆయన చాలాసేపు జాబితా చూశారు. "మీది ఇందులో లేదమ్మా. నాకు మీ మీద కోపం లేదు, లిస్టులో లేదు అంతే. ఏదో ఒకటి పట్టుకోండి. కుండలు చెయ్యండి. మా తోడల్లుడి కూతురు చేస్తోంది, ఆ పిల్లకి మూడు ఆదివారాలిచ్చాం."

సుచరిత ఆయన మాట విని సాయంత్రాల్లో కుండలు చేసింది. అవి కుండల్లాగే వచ్చాయి. సూర్యోదయం చూసింది, ఋషికొండ దగ్గర పడవ నడిపింది, కాఫీ నురుగు మీద ఆకు బొమ్మ వేసింది. ప్రతిదానికీ ఫొటో, ఫొటో కింద ఒక వాక్యం జత చేసి శాఖకు పంపింది. అన్నీ తిరస్కరించారు. ఆ వాక్యాలన్నీ అప్పటికే వాణిజ్య ప్రకటనల్లో ఉన్నాయని, ఇది సొంత ఆనందంగా పరిగణించలేమని సమాధానం వచ్చింది. శాఖ కంప్యూటర్‌ది తప్పు కాదు. ఆ ప్రకటనలు రాసింది సుచరితే. ఆనందం గురించి ఆమెకు వచ్చిన వాక్యాలన్నీ ఎవరికో ఒకరికి ఇచ్చేసింది; తన కోసం ఒక్కటీ మిగల్లేదు.

ఆ సమాధానం చదివాక ఆమెకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆ కోపంలోనే, కొత్త అభిరుచిని చేర్చమని కోరే ఫారం తెచ్చుకుంది. పద్నాలుగు పేజీల ఆ ఫారాన్ని శాఖ పుట్టినప్పటి నుంచి ఎవరూ నింపలేదు. అభిరుచి పేరు అన్న చోట 'ఉత్తినే వెళ్లి రావడం' అని రాసింది. ప్రయోజనం అన్న చోట 'లేదు' అని రాసింది. కావలసిన సామగ్రి అన్న చోట 'కిటికీ' అని రాసింది.

పైడిరాజు గారు మొత్తం చదివి, క్షేత్ర పరిశీలన జరగాలన్నారు. అంటే ఆమె ఆయన్ని వెంటబెట్టుకుని ఉత్తినే వెళ్లి రావాలి. ఆమెకు ఆదివారాలు లేవు కనుక గురువారం పెట్టుకున్నారు.

మొదటి గురువారం ఇద్దరూ భీమిలి వెళ్లొచ్చారు. దారంతా ఆయన ఫైల్లో రాసుకుంటూనే ఉన్నారు. దిగాక నిట్టూర్చారు.

"కుదర్లేదమ్మా. మీరు నిరూపిద్దామని ఎక్కారు, నేను తనిఖీ చేద్దామని ఎక్కాను. ఇద్దరికీ పనుంది. ఉత్తినే ఎల్లినట్టు కాదు."

న్యాయమైన మాటే. రెండో గురువారం, పని సంగతి మర్చిపోవాలని ఇద్దరూ ముందే ఒప్పందం చేసుకుని ఎక్కారు. పది నిమిషాలకోసారి ఆయన మర్చిపోయారో లేదోనని ఆమె ఆయన వైపు చూసింది. ఆమె చూస్తోందేమోనని ఆయన ఆమె వైపు చూశారు. పెందుర్తిలో దిగినప్పుడు ఇద్దరికీ మెడ నొప్పి. నిబంధనల ప్రకారం ఇంకొక్క అవకాశమే ఉంది. అదీ పోతే దరఖాస్తు మూసేస్తారు, మళ్లీ పెట్టుకోవడానికి వీలుండదు.

మూడో గురువారం వాన. కొత్తవలస బస్సులో ఇద్దరికీ పక్కపక్కన సీట్లు దొరకలేదు. సుచరిత వెనక, పైడిరాజు గారు ముందు, కిటికీ పక్కన. ఆయన పక్కన ఒకాయన పనసకాయను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వేపగుంట దాటాక పైడిరాజు గారు కాయ మీద వేలితో కొట్టి చూశారు.

"ఇది పండలేదు," అన్నారు.

"పండిందండి," అన్నాడు పనసకాయ మనిషి.

"నేను పనస తోటలో పుట్టినోణ్ని. ఇంకా రెండ్రోజులు ఉంచాలి."

"నేను అదే తోట కౌలుకి చేస్తున్నోణ్నండి."

వాదన పెందుర్తి దాటింది. ముందు సీటు ఆడవాళ్లు కలిశారు, కండక్టర్ కూడా కాయ కొట్టి చూశాడు. కొత్తవలసలో దిగాక తీర్పు కోసం టీ దుకాణం ముందు రేకు కింద కాయ కోశారు. లోపల పసుపుపచ్చగా పండి ఉంది. పైడిరాజు గారు ఓడిపోయి ఆరు తొనలు తిన్నారు. వాన చూస్తూ, చిన్నప్పుడు పనస జిగురు చేతికంటితే కొబ్బరినూనె రాసేవాళ్లమని సుచరితకు చెప్పారు. తిరుగు బస్సులో కిటికీ రెక్కకు తల ఆనించి, వానలో నిలబడ్డ గేదెల్ని చూస్తూ ఉండిపోయారు. ఆమె ఆయన్ని పలకరించలేదు. కాసేపటికి ఆమె కూడా గేదెల్ని చూడసాగింది.

కార్యాలయం మెట్లెక్కుతుండగా ఆయన ఆగిపోయి చేతులు చూసుకున్నారు. ఫైలు లేదు. దాన్ని అసలు బస్సెక్కేటప్పుడే స్టాపులో వదిలేశారు.

"ఎందుకెళ్లామమ్మా మనం?" అన్నారు.

సుచరిత ఒక్క క్షణం ఆలోచించాల్సి వచ్చింది. ఆ క్షణం ఆయన చూశారు. మెల్లగా నవ్వి, మిగతా మెట్లు గబగబా ఎక్కి, బల్ల దగ్గర కూర్చుని సొంత చేతిరాతతో రాశారు: 'క్షేత్ర పరిశీలనలో పరిశీలకునికి సుమారు మూడు గంటల పాటు తాను పరిశీలకుడినన్న సంగతి జ్ఞాపకం లేదు. దరఖాస్తుదారుకు కూడా లేదు. అభిరుచి ఉనికిలో ఉన్నట్టు ధ్రువీకరించడమైనది.'

జాబితాలో అరవై అయిదో గీత గీయించడానికి గోడ చాలక, పక్కన ఉన్న క్యాలెండర్ తీసేయాల్సి వచ్చింది. కార్యాలయంలో పన్నెండు మంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఫణీంద్ర ఆదివారాన్ని తిరిగి అప్పగించాడు, రశీదు తీసుకున్నాడు.

ఆ వారం శనివారం తర్వాత ఆదివారం వచ్చింది. సుచరిత కళ్లు తెరిచేసరికి ఎండ గోడ మీద సగందాకా ఉంది. మెస్సులోంచి మసాలా వేగుతున్న వాసన, పక్కింట్లో టీవీ, మెట్ల మీద ఎవరో బకెట్లు దించుతున్న చప్పుడు. ఆమె మంచం మీదే కూర్చుని అవన్నీ విన్నది.

"వచ్చావా," అంది నీరజ, నిద్ర మొహంతోనే.

"వచ్చాను."

"అయితే ఇవాళ చికెన్ పంచుకోవాలన్నమాట," అని దుప్పటి కప్పుకుంది నీరజ. కానీ ఆమె నవ్వుతున్నట్టు దుప్పటి కదిలింది.

పదింటికి భీమిలి బస్సు వచ్చింది. కుడి పక్క కిటికీ దొరికింది. ఋషికొండ మలుపులో సముద్రం ఒక్కసారిగా కిందికి పరుచుకున్నప్పుడు, గెలిచినవాళ్లు నవ్వినట్టు ఆమె ఒంటరిగా, గట్టిగా నవ్వింది. కండక్టర్ వెనక్కి తిరిగి చూసి, మళ్లీ టికెట్లు కొట్టసాగాడు.

ఆమోదిత అభిరుచి కనుక రెండు చిన్న షరతులున్నాయి. మధ్యలో దిగకుండా చివరి స్టాపుకు వెళ్లి ముద్ర వేయించుకోవాలి. సాయంత్రం నాలుగులోగా అనుభవ నివేదిక పంపాలి. నివేదిక అందిన నిమిషంలో వచ్చే ఆదివారం మంజూరవుతుంది. మొదటి రోజు నివేదికకు రెండు గంటలు పట్టింది. తర్వాత గంటే. తర్వాత ఆమె తిరుగు బస్సులోనే రాయడం నేర్చుకుంది.

ఫణీంద్రకు అక్కసు లేదు. సోమవారం ఆమెను తన గదికి పిలిచి కుర్చీ చూపించాడు.

"ఇంత పెద్ద ఐడియాని మూడేళ్లు బస్సులో తిప్పావా? నాకు ముందే చెప్పాల్సింది."

ప్రచారం మొత్తం సుచరితకే అప్పగించారు. 'పని లేదా? రండి' అన్న మూడు మాటలు రాసింది. ఆరు వారాల్లో నగరంలో పద్దెనిమిది వేల మంది అరవై అయిదో అభిరుచిలో చేరారు. ఆదివారాలు పోయినవాళ్లంతా తిరిగి తెచ్చుకున్నారు. బ్యాంకు ఉద్యోగినికి రెండో శనివారం కూడా తిరిగొచ్చింది. చివరి స్టాపుల్లో ముద్ర వేయడానికి బల్లలు వెలిశాయి. ఒక హాలులో సుచరితకు శాలువా కప్పారు. పదవీ విరమణకు రెండు నెలలున్న పైడిరాజు గారు వేదిక మీద మాట్లాడుతూ, తన సర్వీసులో పనికొచ్చిన సంతకం అదొక్కటేనని చెప్పి కళ్లు తుడుచుకున్నారు. ఆమె ఛాతీ మీద 'వ్యవస్థాపక సభ్యురాలు' అన్న బ్యాడ్జీ పెట్టారు. ఆ సాయంత్రం సుచరిత జీవితంలో ఎన్నడూ లేనంత సంతోషంగా ఉంది.

రద్దీ పెరిగాక మరో నియమం వచ్చింది. ఆదివారం బస్సుల్లో డ్రైవర్ తల మీద బోర్డు పెట్టారు: 'గమ్యం గల ప్రయాణికులు దయచేసి పని దినములలో రావలెను.'

కార్తీకంలో ఒక ఆదివారం స్టాపులో సుచరిత పక్కన ఒక పెద్దావిడ నిలబడింది. చేతిలో స్టీలు క్యారేజీ, దాని చుట్టూ తడి తువాలు.

"ఈ బస్సు పెద్దాసుపత్రి కాడికి ఎల్తాదా తల్లీ?"

"దాని ముందు నుంచే వెళ్తుందమ్మా. కానీ పని ఉంటే ఇవాళ ఎక్కనివ్వరు."

"మా కోడలు ఆసుపత్రిలో ఉంది. పన్నెండుకి అరగంటసేపే లోనికి ఒగ్గుతారు. ఆటోలు ఈ బస్సుల వరసలో ఇరుక్కుపోయి రావట్లేదు."

సుచరితకు ఆవిడ మీద జాలేసింది. సాయం చేయాలనిపించింది. తన చేతిలో ఉన్న సాయం చేసింది.

"పనేం లేదని చెప్పండమ్మా. ఎక్కించుకుంటారు."

బస్సొచ్చింది. కండక్టర్ తలుపు దగ్గర చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏమైనా పనుందా మామ్మా?"

"నాకేటి పనుంటాది బాబూ," అంది పెద్దావిడ, క్యారేజీని కొంగు చాటుకు జరుపుకుంటూ. "ఉత్తినే."

సుచరిత ఆవిడకు కిటికీ సీటిచ్చి, సభ్యత్వ ఫారం తానే నింపింది. వేలిముద్ర వేయించింది. ఆసుపత్రి గేటు రాగానే పెద్దావిడ లేవబోయింది. సుచరిత ఆవిడ చెయ్యి మెత్తగా పట్టుకుంది.

"మధ్యలో దిగకూడదమ్మా. దిగితే మీ ఆదివారం పోతుంది."

"నాకు ఆదివారాలు ఎప్పుడున్నాయి తల్లీ."

"ఇప్పుడున్నాయమ్మా. చేరారు కదా."

పెద్దావిడ కూర్చుంది. గేటు వెనక్కి వెళ్లిపోతుంటే తల తిప్పి చూసింది, అది కనబడనంత దూరం వెళ్లాక కూడా అలాగే చూస్తూ ఉంది.

కొత్తవలస చేరేసరికి పన్నెండున్నర దాటింది. ఇద్దరికీ ముద్రలు పడ్డాయి. తిరుగు బస్సుకు ఇరవై నిమిషాలుంది. అన్నం పాడైపోతుందని పెద్దావిడ బెంచీ మీద క్యారేజీ విప్పి, మూతలో కొంత పెట్టి సుచరితకిచ్చింది. మెత్తగా ఉడికించిన అన్నం, పలచటి చారు, ఉప్పు దాదాపు లేదు. సుచరిత కడుపునిండా తిన్నది. చేతులు కడుక్కుని ఫోను తీసింది. పెద్దావిడ నివేదిక కూడా తనే రాయాలి.

"మధ్యలో దిగాలని అనిపించిందా అని అడుగుతున్నారమ్మా. ఏం రాయమంటారు?"

"అనిపించింది తల్లీ."

"అలా రాస్తే ఒప్పుకోరమ్మా. వచ్చే వారం మీకు ఎక్కడానికి కూడా ఉండదు."

పెద్దావిడ ఖాళీ గిన్నెలు ఒకదానిలో ఒకటి పెట్టుకుంది.

"అయితే లేదని రాసీ."

సుచరిత రాసింది. ప్రత్యేక అనుభవం అన్న చోట 'తోటి సభ్యురాలితో వనభోజనం' అని చేర్చి, ఇద్దరివీ కలిపి పంపింది. నిమిషం తిరక్కుండా రెండు ఆదివారాలు మంజూరయ్యాయి. ఆ మాట చెప్పగానే పెద్దావిడ రెండు చేతులూ జోడించి, ఆమెకు దండం పెట్టింది.